ఖాళీ కనబడుట లేదు

గోదావరి గిడ్డంగుల సంస్థ ఎం.డి. గారు ఊటీలో ఏదో శిక్షణకు వెళ్ళిరావడంతో మొదలైంది ఈ గొడవంతా. అక్కడ టై కట్టుకున్న ఒక పెద్దమనిషి తెరమీద ‘సంస్థకు మొదటి శత్రువు ఖాళీ’ అని రాసి చూపించాడట. మిగతా అధికారులు అది చూసి, టీ తాగి, పూలతోట చూడ్డానికి పోయారు. మన ఎం.డి. గారు మాత్రం నమ్మేశారు. కింది ఉద్యోగి ఏదైనా నమ్మితే అది అతనితో పోతుంది. ఎం.డి. నమ్మితే జీవో వస్తుంది.

ఆ జీవో పేరు ‘సంపూర్ణ నిండుదన మహోద్యమం’. సంస్థలో ఖాళీ అన్నది ఎక్కడా ఉండకూడదు. గోడౌనులో గానీ, బీరువాలో గానీ, బల్ల మీద గానీ ఖాళీ కనబడితే వెంటనే పై అధికారికి తెలియజేసి, దాన్ని నిర్మూలించాలి. గోడౌన్ల సంస్థకి ఖాళీ మీద కోపం రావడమంటే చేపలకి నీళ్ళ మీద కోపం రావడమే. ఖాళీ ఉంటేనే కదా ఎవరైనా ధాన్యం తెచ్చి పెట్టుకునేది! ఈ మాట అనడానికి తాడేపల్లిగూడెం ప్రాంతీయ కార్యాలయంలో అందరికీ నోరుంది గానీ, అందరికీ ఇంక్రిమెంట్లు కూడా ఉన్నాయి.

ఉద్యమం ఊపందుకుంది. ఖాళీ లారీలను గేటు దాటనివ్వడం మానేశారు. ధాన్యం ఎత్తుకోవడానికి వచ్చే లారీలు ఇటుకలు నింపుకుని వచ్చి, వాటిని లోపల గుమ్మరించి, అప్పుడు బస్తాలు ఎక్కించుకుని వెళ్ళేవి. కాంటీనులో ఖాళీ ప్లేట్లు కనబడకూడదని పొద్దున్నే అన్నింట్లో ఉప్మా పెట్టేసి ఉంచేవారు. మధ్యాహ్నం భోజనానికి వెళ్ళినవాడు ముందు ఆ ఉప్మా సంగతి చూసి, ఆ తరవాతే అన్నం అడగాలి. అన్నింటికన్నా భయంకరమైనది కుర్చీల నిబంధన. పదిహేను రోజులపాటు ఎవరూ కూర్చోని కుర్చీని కొబ్బరికాయ కొట్టి స్టోరుకు పంపించేవారు. కుర్చీ లేని చోట ఉద్యోగమెందుకని ఆ పోస్టును కూడా రద్దు చేసేవారు. డిస్పాచ్ గుమాస్తా పాపారావు తిరుపతి వెళ్ళి, అట్నుంచటే అరుణాచలం కూడా చూసుకుని గుండుతో తిరిగొచ్చేసరికి కుర్చీ లేదు, ఉద్యోగమూ లేదు. దేవుడికి జుట్టు ఇస్తే సంస్థ మిగతాది తీసుకుంది.

ఈ ఆఫీసులో కంప్యూటర్ సెక్షనుకు అసిస్టెంట్ మేనేజరు నూకరాజు. ఊరు పలాస. భార్య దమయంతి అక్కడే నర్సు. కూతురు బుజ్జిది ఒకటో తరగతి. శనివారం సాయంత్రం రైలెక్కి వెళ్ళడం, ఆదివారం మధ్యాహ్నం బుజ్జిది ఎక్కడో దాచేసిన బూట్లు వెతుక్కుని తిరుగు రైలెక్కడం. పెళ్ళయిన దగ్గర్నుంచీ అతని కాపురం ఈస్ట్ కోస్ట్ రైల్వే దయమీద నడుస్తోంది. ఒకసారి ఆ బూట్లు బియ్యం డబ్బాలో దొరికాయి. ఆ రోజు మాత్రం అతను రైలు తప్పిపోతే బాగుండునని మనసారా కోరుకున్నాడు.

నూకరాజు తెలివైనవాడనీ, నిప్పులాంటి మనిషనీ మీరు అనుకోకండి. మనలాంటివాడే. ఉద్యమం మొదలైన నెలకి అతనికో మెమో వచ్చింది. ‘ప్రతి సెక్షనూ ఖాళీలను గుర్తించి పంపుచుండగా, మీ సెక్షన్ నుండి ఒక్క ఖాళీయు రాకపోవుట ఉద్యమం పట్ల మీ అనాసక్తిని సూచించుచున్నది.’ నూకరాజు మెమో మడిచి జేబులో పెట్టుకుని వెతకడం మొదలుపెట్టాడు. గదిలో చూస్తే అన్నీ నిండే ఉన్నాయి. ఉన్న ఒక్క కుర్చీలో తనే ఉన్నాడు. చివరికి సర్వర్లోకి తొంగి చూశాడు. ధాన్యం నిల్వల డేటాబేస్ ఒకటి, రసీదులది ఒకటి, జీతాలది ఒకటి. వాటి పక్కన ‘డిఫాల్ట్’ అన్న పేరుతో ఇంకొకటి. సర్వరు కొన్ననాడే దానితో పాటు వచ్చింది. దాన్లో ఏమీ లేదు. ఎన్నడూ ఎవరూ ఏమీ పెట్టలేదు.

“ఇదిగో దొరికింది!” అని నూకరాజు ఎగిరి గంతేసినంత పనిచేశాడు.

రాష్ట్రం మొత్తమ్మీద కంప్యూటర్ లోపలున్న ఖాళీని పట్టిచ్చిన మొదటి సెక్షను అదే. ఎం.డి. గారే స్వయంగా వచ్చారు. మానిటర్‌కి బొట్టుపెట్టి, కొబ్బరికాయ కొట్టి, ఆయన వేలితో ఎంటర్ నొక్కి ఆ ఖాళీని నిర్మూలించారు. చప్పట్లు మోగాయి. నూకరాజుకు శాలువా కప్పారు. ఆ ఫొటోను పెద్దది చేయించి మెట్ల దగ్గర గోడకు తగిలించారు. అక్కడ అంతకుముందు గోడ ఖాళీగా ఉండేది.

ఆ తరవాత ఏడాదికి నూకరాజు నెత్తిన దేవుడు పాలు పోశాడు. పలాస శాఖకు బదిలీ ఆర్డరు వచ్చింది! అక్కడి కంప్యూటర్ సెక్షనులో ఉన్నాయన ఈ నెల మధ్యలో రిటైరైపోయాడు. నెలాఖరులోపు వెళ్ళి ఆ కుర్చీలో కూర్చోవాలి. నెలాఖరు దాటితే ఆ కుర్చీకి పదిహేను రోజులు నిండిపోతాయి. నిండితే ఏమవుతుందో పాపారావు గుండు చూసినవాడికి వేరే చెప్పక్కర్లేదు.

ప్రాంతీయ మేనేజరు ఉమాపతి గారు ఆర్డరు మీద ఆకుపచ్చ సిరాతో ఒక్క వాక్యం చేర్చారు. ‘సర్వర్ అప్‌గ్రేడ్ పూర్తిచేసి, చార్జి అప్పగించి వెళ్ళవలెను.’

“దానికేం, ఒక్కపూట పని,” అన్నాడు నూకరాజు ఫోనులో భార్యతో. “పెట్టె సర్దేస్తున్నా.”

“నిజంగానేనేటండీ? బుజ్జిదానికి చెప్పీమంటారా?”

“చెప్పీయి. బూట్లు ఇంక దాచక్కర్లేదని చెప్పు.”

అవతల్నుంచి దమయంతి ముక్కు చీదిన చప్పుడు వినబడింది. “జలుబండి,” అంది. నూకరాజుకు కూడా వెంటనే జలుబు చేసింది.

మర్నాడు పొద్దున్నే అప్‌గ్రేడ్ మొదలుపెట్టాడు. ఇక్కడ ఈ సంస్థ పద్ధతొకటి చెప్పాలి. బ్యాంకుకు తాకట్టు పెట్టిన సరుకున్న గోడౌనుకి రెండు తాళాలు వేస్తారు. ఒక తాళంచెవి మేనేజరు దగ్గర, ఇంకోటి బ్యాంకు దగ్గర. సర్వర్ కొన్నప్పుడు దీనికీ అదే పద్ధతి అన్నారు. పాస్‌వర్డులో మొదటి సగం నూకరాజుకు తెలుసు, రెండో సగం ఆడిట్ ఆఫీసరు హైమావతి గారికి తెలుసు. ఒకరు కొడుతున్నప్పుడు రెండోవారు ఫ్యాను వంక చూడాలి. ఆవిడ వచ్చి, అతను ఫ్యాను వంక చూస్తుండగా తన సగం కొట్టి, అప్‌గ్రేడ్ మొదలవగానే తాళం పడేటట్టు చూసుకుని వెళ్ళిపోయింది.

కొత్త వెర్షన్ కాసేపు గిర్రున తిరిగింది. నూకరాజు పలాస స్టేషన్లో దిగినట్టూ, బుజ్జిది ఎదురొచ్చినట్టూ ఊహించుకుంటున్నాడు. ఇంతలో తెరమీద ఇంగ్లీషులో ఒక్క వాక్యం ప్రత్యక్షమై, తిరగడం ఆగిపోయింది. డిఫాల్ట్ డేటాబేస్ కనబడుట లేదు అని దాని భావం.

నూకరాజు సర్వరు కంపెనీవాళ్ళకు ఫోను చేశాడు. హైదరాబాదు నుంచి ఒకమ్మాయి ఎత్తింది.

“కొత్త వెర్షన్ ముందు ఆ డేటాబేస్‌లోకే వస్తుంది సార్. మీ ఇంటికి అరుగు ఉంటుంది చూడండి, అలాగ. అరుగు మీద ఎవరూ కాపురముండరు. కానీ వచ్చినవాళ్ళు ముందు అక్కడ కాలుపెట్టే కదా లోపలికి వెళ్ళాలి! దాన్ని ఎవరైనా తీసేశారా?”

“తీసేశారమ్మా.”

“ఎవరు సార్, అంత తెలివైనవాళ్ళు?”

నూకరాజు మెట్ల దగ్గర గోడ వంక చూశాడు. శాలువాలో తన బొమ్మ పళ్ళికిలిస్తోంది. “కొబ్బరికాయ కొట్టి మరీ తీసేశార్లేమ్మా,” అన్నాడు.

“ఏం ఫరవాలేదు సార్. అదే పేరుతో ఖాళీది ఒకటి మళ్ళీ పెట్టేయండి. ఒక్క లైను. కన్నుమూసి తెరిచేలోగా అయిపోతుంది.”

నూకరాజుకు ప్రాణం లేచొచ్చింది. ఒక్క లైను! పరిగెత్తుకుంటూ హైమావతి గారి గదికి వెళ్ళాడు. ఆవిడ విని కళ్ళద్దాలు సర్దుకుంది.

“కొత్తగా ఖాళీ పెడతారా? ఇది నూతన నిర్మాణం కిందికొస్తుంది నూకరాజుగారూ. ఆర్.ఎం. గారి మంజూరు లేకుండా నా సగం నేను కొట్టను.”

ఆర్.ఎం. ఉమాపతి గారు మృదువుగా మాట్లాడతారు. ఆయన కోపమొచ్చినా గొంతు పెంచరు, వాక్యం పెంచుతారు.

“అంటే, గౌరవనీయులైన ఎం.డి. గారి స్వహస్తాలతో నిర్మూలింపబడిన ఖాళీని, ఖాళీరహిత సంస్థగా ప్రకటింపబడిన ఈ ప్రాంగణంలో, మళ్ళీ నా చేత పుట్టించమని మీరు కోరుతున్నారు.”

“అది లేకపోతే అప్‌గ్రేడ్ అవదండి. అప్‌గ్రేడ్ అవకపోతే నేను పలాస వెళ్ళలేనండి.”

“కొత్త ఖాళీకి నేను మంజూరు ఇవ్వలేను. అది విధానపరమైన అంశం.” ఆయన పేపర్‌వెయిట్ తిప్పారు. “అయితే పోయిన ఖాళీని తిరిగి రాబట్టుకోవడానికి అభ్యంతరం ఉండదనుకుంటాను. పోయిన ఆస్తిని రాబట్టుకోవడం మన బాధ్యత.”

“రెండూ ఒకటేనండి! దాన్లో ఏమీ లేదు. కొత్తది పెట్టినా ఏమీ ఉండదు.”

“తొందరపడకండి. ఫైలు పెట్టండి.”

ఫైలు హైమావతి గారి దగ్గరికి వెళ్ళి, నిండా అభ్యంతరాలతో తిరిగొచ్చింది. ఆవిడ తప్పు లేదు. గోడౌన్లో సరుకు పోతే ఏం అడగాలో ఆవిడకు పాతికేళ్ళుగా కంఠతా వచ్చు. అవే అడిగింది.

“పోయిన సరుకు ఏమిటి?”

“ఏమీ లేదండి.”

“ఎంత?”

“ఏమీ లేనిది ఎంతుంటుందండి?”

“అది మీరే చెప్పాలి. పోయినదాని పరిమాణం తెలియకపోతే, రాబట్టినది పూర్తిగా రాబట్టారో, సగమే రాబట్టారో ఆడిట్ ఎలా నిర్ణయిస్తుంది? రేపు ఎవరైనా వచ్చి, ఇంతకన్నా ఎక్కువ ఖాళీ ఉండేది, మిగతాది మీరు సొంతానికి వాడుకున్నారు అంటే?”

“ఖాళీని ఎవరు వాడుకుంటారండీ?”

“ఎందుకు వాడుకోరు? తాడేపల్లిగూడెంలో గజం ఎంతుందో తెలుసా మీకు?”

ఆవిడ చివరి ప్రశ్న మెల్లిగా అడిగింది. “ఇంతకీ దీన్ని ఖాళీ అని మొదట రాసిచ్చింది ఎవరు?” దానికి మాత్రం అతను ఫైలు చంకలో పెట్టుకుని బయటికొచ్చాడు.

సాయంత్రం దమయంతి ఫోను. “ఏటండీ, బయల్దేరినారా?”

“చిన్న వస్తువొకటి పోయిందే. దొరగ్గానే వచ్చేస్తా.”

“ఏటి పోయింది?”

“ఏమీ పోలేదు.”

“అలగ నసుగుతారేటి? పోయిందంటారు, పోలేదంటారు!”

“పోయింది ఏమీ కాదే! ఆ ఏమీ లేనిదే పోయింది!”

దమయంతి గొంతు తగ్గించింది. “భోజనం సరిగ్గా చేస్తన్నారా? ఆ ఉప్మా ఒకటీ తినకండి, నా మాటినండి,” అంది.

త్రిసభ్య సంఘం వేశారు. ఉమాపతి గారు అధ్యక్షులు, హైమావతి గారు సభ్యురాలు, క్వాలిటీ ఇన్‌స్పెక్టర్ బాపినీడు రెండో సభ్యుడు. బాపినీడు భీమవరం మనిషి. బస్తాలోకి గుచ్చి గింజలు లాగే ఇనప గొట్టం చంకలో పెట్టుకుని తిరుగుతాడు. దాన్ని గుచ్చకుండా లోకంలో దేన్నీ నమ్మడు. సంఘం సర్వరు గదికి వచ్చింది. అందరూ చెప్పులు విప్పారు. బాపినీడు సర్వరు చుట్టూ రెండుసార్లు తిరిగి, గొట్టం ఎక్కడ గుచ్చాలా అని చూశాడు.

“బాబ్బాబు, గుచ్చకండి!” అని నూకరాజు అడ్డం పడ్డాడు.

“గుచ్చకపోతే ఎలాగండీ? ఆయ్, శాంపిలు లేకుండా గ్రేడు ఎలా రాసేదండి? ఇదివరకున్న ఖాళీ ఏ గ్రేడండి? ‘ఏ’ గ్రేడా, సాధారణమా?”

“ఖాళీకి గ్రేడేంటండీ!”

“అలాగనకండి. తేమ శాతం తెలుసా పోనీ?”

“తెలీదు!”

“గ్రేడు తెలీదు, తేమ తెలీదు, ఎంతో తెలీదు. మీరేమో అలాంటిదే ఇంకోటి పెట్టేస్తానంటన్నారు. రేపు నాసిరకం ఖాళీ పెట్టేశారని పేపర్లో వేస్తే నా ఉజ్జోగం పోద్దండి బాబు.”

హైమావతి గారికి మంచి ఆలోచన వచ్చింది. ఏ సరుకునైనా తూస్తే నిజం తెలుస్తుంది. డిఫాల్ట్ ఉన్నప్పుడు సర్వరు బరువెంతో, కొన్ననాటి బిల్లులో ఉంది. ఇప్పుడు లేనప్పుడు బరువెంతో తూస్తే, ఆ తేడాయే పోయిన ఖాళీ. సంఘం ముఖాలు వికసించాయి. నూకరాజు గోడకు చేరగిలబడ్డాడు.

సర్వరు ఊడదీశారు. హమాలీలు మోసుకెళ్ళి ఒక లారీలో పెట్టారు. లారీ ఖాళీగా ఉండకూడదు గనక సర్వరు చుట్టూ ఇటుకలు పేర్చారు. యార్డులో లారీలు తూచే పెద్ద కాటా మీద నిలబెట్టి తూచారు. తరవాత సర్వరు దింపి లారీని తూచారు. ఆ తరవాత డ్రైవరు దిగడం మరిచిపోయాడని మళ్ళీ తూచారు. కాటా గది బయట ధాన్యం ట్రాక్టర్లు హారన్లు కొడుతున్నాయి. ఒక రైతు తలపాగా విప్పి ముఖం తుడుచుకుంటూ, “ఏటండి తూత్తన్నారు?” అని అడిగాడు.

“ఏమీ లేదు,” అన్నాడు నూకరాజు.

“ఆయ్, మరి ఏమీ లేపోతే ఎందుకండి ఇంత సేపు?”

బిల్లులో బరువూ, ఇప్పటి బరువూ సరిగ్గా సరిపోయాయి. ఖాళీకి బరువు లేదని తేలింది. నూకరాజు ఊపిరి పీల్చుకోబోయాడు. హైమావతి గారు వేలెత్తింది. ఈ కాటా అయిదు కిలోలకు తక్కువ చూపించదు. కాబట్టి అయిదు కిలోల లోపు ఖాళీ పోయి ఉండే అవకాశాన్ని కొట్టిపారేయలేం. అప్పుడు బాపినీడు లేచాడు. గోడౌన్లో ఏ సరుకుకైనా ఎలుకల తరుగు ఒక శాతం ఒప్పుకుంటారు కదా, ఈ అయిదు కిలోలూ ఎలుకల కింద రాసేద్దాం అన్నాడు. అందరికీ నచ్చింది. ఏమీ లేనిదాన్ని ఎలుకలు తినేశాయని సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది.

“పోయినదేమిటో తేలింది కాబట్టి, ఇంక పెట్టొచ్చాండీ?” అన్నాడు నూకరాజు. అతని ముఖం చూస్తే ఎవరికైనా జాలేస్తుంది. గడ్డం మాసిపోయింది. పలాస వెళ్ళే రైళ్ళు అతను లేకుండానే వేళకు వెళ్ళిపోతున్నాయి. పాత సర్వరు మళ్ళీ గదిలోకొచ్చి పాత దారిన పనిచేస్తూనే ఉంది. రసీదులు వస్తున్నాయి, జీతాలు పడుతున్నాయి. ఆగిపోయింది నూకరాజు ఒక్కడే.

ఉమాపతి గారు కళ్ళు మూసుకుని ఆలోచించారు. “పోయిన ఖాళీని ఎలుకలు తిన్నాయి కాబట్టి, దాన్ని రాబట్టడం అసాధ్యం. కొత్త ఖాళీ నిషిద్ధం. అయితే నూకరాజుగారూ, అది ఖాళీగానే ఉండాలని ఎక్కడుంది? అదే పేరుతో నిండుగా ఉన్నది ఒకటి పెట్టండి! ఉద్యమానికి ఉద్యమం, అప్‌గ్రేడ్‌కి అప్‌గ్రేడ్.”

వద్దని చెప్పే ఓపిక కూడా నూకరాజుకు లేకపోయింది. పోనీ, ఏదో ఒకటి. హైమావతి గారు వచ్చి, అతను ఫ్యాను వంక చూస్తుండగా తన సగం కొట్టింది. డిఫాల్ట్ అన్న పేరుతో డేటాబేస్ పెట్టి, దాన్లో ఎం.డి. గారి ఉగాది సందేశం, నిర్మూలన సభ ఫొటోలు, కాంటీను ఉప్మా టెండరు పత్రాలూ కూరారు. బాపినీడు చూసి తృప్తిగా తలూపాడు. అప్‌గ్రేడ్ మళ్ళీ గిర్రున తిరిగింది. ముందు ఆగినచోట ఆగలేదు. నూకరాజు చేతులు జోడించాడు. ఇంకొంచెం తిరిగి, తెరమీద ఇంకో వాక్యం చూపించి ఆగింది.

డిఫాల్ట్ డేటాబేస్ ఖాళీగా లేదు. ఖాళీగా ఉండవలెను.

“వీడెవడండీ బాబూ! లేకపోతే లేదంటాడు, నింపితే నింపారంటాడు!” అన్నాడు బాపినీడు.

ఉమాపతి గారి ముఖం పాలిపోయింది. ఖాళీగా ఉండవలెను. ఎం.డి. గారు నిర్మూలించినదాన్ని ఉండవలెనంటోంది ఒక యంత్రం. ఈ మాట ఎం.డి. గారికి చెప్పేవాడెవడు? ముగ్గురూ నూకరాజు వంక చూశారు. రేపు నెలాఖరు. భయానికైనా ఒక హద్దుంటుంది. అతను అక్కడే, వాళ్ళ ముందే ఎం.డి. గారికి ఫోను కలిపాడు.

“సార్, నమస్కారం సార్. నూకరాజుని సార్. ఖాళీ పట్టించినవాణ్ణి. మీరు శాలువా కప్పారు. సార్, మనం తీసేసిన ఖాళీ మళ్ళీ కావాలి సార్. అది లేకపోతే సర్వరు అప్‌గ్రేడ్ కాదు. తప్పు నాదే సార్, మెమోకి భయపడి నేనే దాన్ని ఇచ్చేశాను.”

ఆయన ఎం.డి. ఊరికే అవలేదు. ఆయన తన మాటను ఎన్నడూ వెనక్కి తీసుకోరు, దానికి కొత్త పేరు పెడతారు.

“నూకరాజూ, నువ్వు పొరపడుతున్నావయ్యా. అది ఖాళీ కాదు. నిండడానికి సర్వసన్నద్ధంగా ఉన్న అవకాశం. ‘భావి నిండుదనం’. దాన్ని నేను నిర్మూలించలేదు, అది రావలసిన రోజు కోసం పక్కన పెట్టించాను. రేపు నేనే వచ్చి ప్రతిష్ఠిస్తాను.”

వచ్చారు. మానిటర్‌కి మళ్ళీ బొట్టు పెట్టారు. కొబ్బరికాయ కొట్టారు. ఉగాది సందేశం, ఉప్మా టెండరు తీసేసి, ఎం.డి. గారి వేలితో ఎంటర్ నొక్కితే, ఏమీ లేని డేటాబేస్ కన్నుమూసి తెరిచేలోగా పుట్టింది. ఒక్క లైను. చప్పట్లు మోగాయి. అప్‌గ్రేడ్ గిర్రున తిరిగి, ఈసారి ఎక్కడా ఆగకుండా పూర్తయింది. నూకరాజు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పెట్టె, పరుపుచుట్ట అప్పటికే గేటు దగ్గర వాచ్‌మన్‌కి అప్పజెప్పి వచ్చాడు. మధ్యాహ్నం రైలు. సాయంత్రం ఆఫీసు మూసేలోగా పలాసలో అటెండెన్సు వేయడం కష్టమే గానీ, అక్కడి మేనేజరు మంచివాడు, కాసేపు తలుపు తెరిచి ఉంచుతానన్నాడు.

“సెలవు తీసుకుంటానండి,” అన్నాడు ఉమాపతి గారితో.

“కూర్చోండి నూకరాజుగారూ. చార్జి అప్పగించాలి కదా.”

“అన్నీ రాసిచ్చేశానండి. నిల్వలు, రసీదులు, జీతాలు.”

“భావి నిండుదనం?”

“దాన్లో ఏమీ లేదు కదండీ!”

“అదే మా ఆందోళన,” అంది పక్కనే ఉన్న హైమావతి గారు. “ఒకసారి పోయిన ఆస్తికి ప్రత్యేకంగా కాపలా అధికారి ఉండాలి. రోజూ తెరిచి చూసి, ఏమీ లేదని సంతకం పెట్టాలి.”

“ఎవరైనా పెడతారండి! బాపినీడు గారు పెడతారు!”

బాపినీడు గొట్టం చంక మార్చుకున్నాడు. “నేనెలా పెడతానండీ? అసలు ఖాళీని నేను చూళ్ళేదు కదండి మరి! ఇది అదో కాదో నాకేం తెలుస్తదండి?”

“ఈ సంస్థలో మొదటి ఖాళీని కళ్ళారా చూసినవారు మీరొక్కరే,” అన్నారు ఉమాపతి గారు గౌరవంగా. “ఎం.డి. గారు మీ పేరు స్వయంగా సూచించారు. ‘తప్పు నాదే’ అని ఒప్పుకున్నవాడి కన్నా నమ్మకస్తుడు ఎవరుంటారన్నారు. అసలు ఖాళీతో పరిచయం ఉన్న మరొక అధికారి దొరికేవరకు మీ బదిలీ నిలుపుదల. శాలువా కూడా తెచ్చాం.”

కప్పారు. నూకరాజు కప్పించుకున్నాడు. కాసేపు ఫ్యాను వంక చూస్తూ నిలబడ్డాడు. గేటు దగ్గర పెట్టె, పరుపుచుట్ట వెనక్కి తెచ్చుకుంటుంటే రైలు కూత వినబడింది. కోపం రాలేదు. ఏడుపొచ్చింది.

రెండు రోజులకి పలాస మేనేజరు ఫోను చేశాడు. పాపం, నిజంగా మంచివాడే. “ఏమీ అనుకోకండి నూకరాజుగారూ. మీ కుర్చీకి పదిహేను రోజులు నిండిపోయినాయి. స్టోరుకి పంపీసినాం. పోస్టు కూడా ఎత్తేసినారు. కానీండి, మర్యాదగానే పంపినాం, కొబ్బరికాయ కొట్టినాం.”

ఆ సాయంత్రం నూకరాజు డిఫాల్ట్ తెరిచి చూసి, ఏమీ లేదని సంతకం పెట్టి, ఇంటికి ఫోను చేశాడు. జరిగిందంతా చెప్పాడు. దాచుకోలేదు. మెమో, శాలువా, ఎలుకలు, కాటా అన్నీ చెప్పాడు. దమయంతి తిడుతుందనుకున్నాడు. తిట్టినా బాగుండేది. ఆవిడ మధ్యలో ఒక్కసారి కూడా అడ్డుపడకుండా విన్నది.

“బుజ్జిది ఏం చేస్తోంది?” అన్నాడు చివరికి.

“భోజనాల దగ్గర మీ కుర్చీ ఉంది కదండీ, దాని పక్కన కూచుని అన్నం తింటంది. దాంట్లో ఎవుల్నీ కూచోనివ్వదు. ఏవండీ, ఒక్క మాట. ఇక్కడ మీ కుర్చీ ఖాళీగా ఉందని మీ ఆఫీసులో ఎవులికీ చెప్పకండి. నానైతే ఎందుకైనా మంచిదని రోజూ దానిమీద మడతపెట్టని బట్టలు పడీసి ఉంచుతున్నాను.”